నాయన బండి వెనక

మా ఊరి నుంచి బనగానపల్లె హైస్కూలు తొమ్మిది కిలోమీటర్లు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా బడిలో ఆడపిల్లలందరికీ సైకిళ్ళు ఇచ్చారు. అంతకుముందు బస్సులో వెళ్ళేదాన్ని. ఆ బస్సు మా ఊళ్ళో ఆగి, నాపరాళ్ళ గనుల దగ్గర ఆగి, చేయెత్తిన ప్రతి మనిషి దగ్గరా ఆగి, బడి గంట కొట్టాక చేరేది. సైకిల్ వచ్చాక నేను బస్సు కంటే ముందే గేటు దగ్గర ఉండేదాన్ని. అదేదో పందెం అనుకోలేదు. ప్రార్థనకు ఆలస్యమైతే ఎండలో నిలబెడతారని భయం, అంతే.

మా డ్రిల్లు సారు దీన్ని కనిపెట్టాడు. ఒకరోజు నాకు తెలియకుండా మోటారు సైకిల్ మీద నా వెనకే వచ్చాడట. ఆ ఆదివారం మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నాయన అప్పుడే గని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"నీ కూతుర్ని కర్నూలుకు తోల్కపోతానప్పా. సైకిల్ పందేలుండాయి," అన్నాడు సారు.

"సైకిల్ తొక్కేదానికి పందేలేంది సార్? అందరూ తొక్కేదే గదా."

"అందరూ తొక్కుతారు. ఈ పిల్ల తొమ్మిది కిలోమీటర్లు తొక్కి గేటు కాడ దిగి, ఇంట్లోంచి ఇప్పుడే బయటికొచ్చినట్ల మాట్లాడతాది. కాళ్ళ సంగతి వదిలెయ్. దాని ఊపిరి సామాన్యమైంది కాదు."

నాయన నా వైపు చూశాడు. అప్పటిదాకా నాలో చూసి మెచ్చుకోవలసినది ఏదో ఉందని ఇంట్లో ఎవరికీ తట్టలేదు. "తోల్కపో సార్," అన్నాడు.

కర్నూలులో మిగతా పిల్లలకు సన్న టైర్ల సైకిళ్ళు ఉన్నాయి. నాది ముందు బుట్ట, వెనక క్యారియరు ఉన్న బడి సైకిల్. బుట్ట విప్పడానికి సారు దగ్గర పానా లేకపోయింది. అలాగే తొక్కి రెండో స్థానంలో వచ్చాను. బహుమతిగా మూత ఉన్న స్టీలు డబ్బా ఇచ్చారు. మరుసటి రోజు నుంచి నాయన అందులోనే జొన్నరొట్టె పెట్టుకుని గనికి వెళ్ళాడు. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఆ డబ్బా చూపించాడని మా చిన్నాయన చెప్పేవాడు. చిన్నాయన అంటే నాయన తమ్ముడు. బనగానపల్లెలో ఆటో నడిపేవాడు.

ఆ తర్వాత జరిగినదంతా నాయన కొన్న ఒక పాత మోపెడ్‌తో మొదలైంది. రోడ్డు మీద సైకిల్ పందెం అంటే కాళ్ళ బలం ఒక్కటే కాదనీ, సగం పోరాటం గాలితోననీ సారు చెప్పాడు. ముందు పోయేవాళ్ళు గాలిని చీలుస్తారు. వాళ్ళ చక్రానికి జానెడు దూరంలో వెనకే పోతే నీకు దారి తేలికవుతుంది. అలా ఒకరి వెనక అంటుకుని పోవడం నేర్చుకోవాలంటే ముందు ఒక బండి ఉండాలి. రోజూ ఉండాలి, పొద్దున్నే ఉండాలి.

గని పని తెల్లవారకముందే మొదలవుతుంది. ఎండ ఎక్కాక బండ మీద చేయి పెట్టలేరు. అందుకని నాయన గని మానేశాడు. ఊరికి ఇవతల పలుగురాళ్ళను పిండి చేసే మిల్లు ఒకటి ఉండేది. అక్కడ మధ్యాహ్నం నుంచి పొద్దుపోయేదాకా ఒక షిఫ్టు ఉంది. అందులో చేరాడు. పొద్దుటి పూటలన్నీ నాకిచ్చాడు. ఆ మార్పు గురించి ఇంట్లో పెద్ద చర్చ జరిగినట్టు నాకు గుర్తులేదు. "మిల్లులో నీడ ఉంటాది," అని అమ్మ సంతోషించింది కూడా.

ఏడేళ్ళు ఆయన వెనక తొక్కాను. బనగానపల్లె నుంచి కోయిలకుంట్ల మీదుగా ఆళ్ళగడ్డ దాకా, నల్లరేగడి పొలాల మధ్య రోడ్డు. ఆషాఢంలో పడమటి గాలి లేచినప్పుడు సైకిల్ నేరుగా నిలిచేది కాదు. ఆయన అద్దంలో నన్ను చూస్తూ, నేను వెనకబడితే బండి తగ్గించి, అందుకుంటే పెంచి, ఎడమ చేయి కిందికి ఊపి గుంత ఉందని చెబుతూ పోయేవాడు. నాకు కనిపించేది ఆయన వీపే. ఎన్నిసార్లు ఉతికినా ఆ చొక్కా కుట్లలో తెల్లపిండి ఉండిపోయేది. వేగం పెరిగినప్పుడు అది నా మొహం మీద పడి, చెమటలో కలిసి, పెదవుల మీద ఉప్పగా గరగరలాడేది. ఉమ్మేసి తొక్కేదాన్ని.

పందెపు బట్టలు మొదటిసారి చూసినప్పుడు అమ్మ గోల చేసింది. "అదేం గుడ్డే? చర్మం మీద చర్మం మాదిరి ఉండాది. దాంట్లో ఊర్లో పోతావా?" నాయన ఒక ఉపాయం చెప్పాడు. ఊరు దాటేదాకా ఆయన లుంగీ పైన చుట్టుకునేదాన్ని. గని మలుపు దగ్గర విప్పి మోపెడ్ హ్యాండిల్‌కు కట్టేవాళ్ళం. తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ చుట్టుకోవడం. ఒకసారి మర్చిపోయి అలాగే ఊళ్ళోకి వచ్చేశాను. ఎవరూ ఏమీ అనలేదు. అప్పటికి అందరికీ అలవాటైపోయినట్టుంది. అమ్మ ఒక్కతే ఇంకా లుంగీ ఉందనుకుంటూ ఉండేది.

సారు తనకు తెలిసిన ఒక మాజీ సైనికుడి దగ్గర నుంచి అసలైన రేసు సైకిల్ తెచ్చాడు. దాని మీద రాష్ట్ర జట్టులోకి వెళ్ళాను. ఇరవై ఒకటో ఏట క్రీడల కోటాలో గుంతకల్లులో ఒక ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. ఆఫీసులో రిజిస్టరులో సంతకం పెట్టి, ఏడాదిలో సగం రోజులు శిక్షణకూ పోటీలకూ తిరిగే ఉద్యోగం. మా ఊళ్ళో అప్పటిదాకా ఏ ఆడపిల్లకూ అలాంటిది రాలేదు. నాయన వెనక తొక్కడం అప్పటితో ఆగిపోయింది. ఆయన మాత్రం మిల్లులోనే ఉండిపోయాడు. "ఇంగ గనికి తిరిగిపోతే కొత్తోడి మాదిరి కింద నుంచి మొదలుపెట్టాల. ఈడే బాగుండాది లే," అన్నాడు.

మొదటి జాతీయ శిక్షణ శిబిరంలో ఒక యంత్రం ముందు కూర్చోబెట్టి, గొట్టంలోకి ఊపిరంతా ఊదమన్నారు. ఊదాను. డాక్టరమ్మ తెర మీద చూసి, గొట్టం మార్చి మళ్ళీ ఊదమంది. తర్వాత పక్క గదిలోంచి ఇంకొక డాక్టరును పిలుచుకొచ్చి చూపించింది. యంత్రం సరిగ్గానే ఉందని ఇద్దరూ తేల్చుకున్నారు. ఆ సాయంత్రం నాయనకు ఫోన్ చేసి చెప్పాను. "మరి ఎవురి కూతురు!" అని నవ్వాడు. నవ్వు మధ్యలో దగ్గొచ్చింది. దగ్గు ఆగేదాకా ఫోన్ పట్టుకుని ఉండి, తర్వాత మిగిలిన కబుర్లు చెప్పాను. ఆ దగ్గు గురించి అడగలేదు.

అంత ఊపిరి ఉన్నా నేను గెలిచే మనిషిని కాలేకపోయాను. చివరి రెండు వందల మీటర్లలో పిడుగులా దూకే గుణం కొందరికే ఉంటుంది. అది మా జట్టులో బద్వేలు అమ్మాయికి ఉండేది. నాకంటే రెండేళ్ళు చిన్నది, నన్ను అక్కా అనేది. ఆమె గెలవాలంటే అక్కడిదాకా ఆమె బలం మిగిలి ఉండాలి. ఆ బలం మిగల్చడం నా ఉద్యోగం. ముందు పోయి గాలి తినేదాన్ని. ఎవరైనా తప్పించుకుని ముందుకు ఉరికితే వెంటాడి లాక్కొచ్చేదాన్ని. వెనక వచ్చే జట్టు జీపు దగ్గరికి వెళ్ళి నీళ్ళ సీసాలు చొక్కా వెనక జేబుల్లో దోపుకుని తెచ్చి ఇచ్చేదాన్ని. నా పని ముగిశాక పక్కకు తప్పుకుంటే గుంపంతా నన్ను దాటి వెళ్ళిపోయేది. ఆమె చేతులెత్తి గీత దాటే సమయానికి నేను ఎక్కడో మూడు కిలోమీటర్ల వెనక, కాళ్ళలో ఏమీ మిగలక, ఒంటరిగా తొక్కుతూ ఉండేదాన్ని. పేపరులో ఆమె ఫోటో వచ్చేది. నాకు బాధ ఉండేది కాదు అంటే అబద్ధం. కానీ ఆ పనిలో నేను మంచిదాన్నని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. పతకం మెడలో వేసుకుని నేరుగా నా గదికి వచ్చి, నా కాళ్ళు పిసికేది.

ఇదంతా ఇంట్లో నేను వివరంగా చెప్పలేదు. అమ్మ ఫోన్‌లో "ఎన్నోదానివి వచ్చినావు?" అని అడిగితే "మా జట్టు గెలిచింది" అనేదాన్ని.

నాయన ఫోన్‌లో మాట్లాడడం క్రమంగా తగ్గించాడు. రెండు మాటలు మాట్లాడి "మీయమ్మకిస్తా" అనేవాడు. నేను దూరంగా ఉండడం ఆయనకు కష్టంగా ఉందేమో అనుకున్నాను. పండక్కి వచ్చినప్పుడు చూస్తే చిక్కిపోయి ఉన్నాడు. ఊళ్ళో వైద్యుడు క్షయ అన్నాడని, ఆరు నెలలు మాత్రలు మింగానని, తగ్గిపోయిందని చెప్పాడు. నేను మూడు రోజులుండి వెళ్ళిపోయాను. ఆ తర్వాత రెండోసారి కూడా అవే మాత్రలు మింగాడట. ఆ సంగతి నాకు చెప్పవద్దని అమ్మ దగ్గర ఒట్టు వేయించుకున్నాడు. "దానికి పెద్ద పందెముండాది. మనసు చెడగొట్టొద్దు." నాకు ఎప్పుడూ ఏదో ఒక పెద్ద పందెం ఉండేది.

నేను పోటీలో తొక్కుతుండగా ఆయన చూడడం ఒక్కసారే జరిగింది. నాకు ఇరవై ఏడేళ్ళప్పుడు, ఒక ఆషాఢంలో, దక్షిణాది రాష్ట్రాల పోటీ కడపలో పెట్టారు. కడప నుంచి మైదుకూరు పోయి తిరిగి కడపకు రావాలి. జాతీయ జట్టు ఎంపికకు దాన్ని కూడా చూస్తామన్నారు. మైదుకూరు దాకా గుంపు ముందు నేనే తొక్కాను, బద్వేలు అమ్మాయి నా వెనక. తిరుగు దారిలో పొరుగు రాష్ట్రపు అమ్మాయి ఒకతె ఒంటరిగా ముందుకు ఉరికింది. మా కోచ్ జీపులోంచి నా పేరు అరిచాడు. నేను ముందుకు వెళ్ళి గాలిలో తల దూర్చాను. రోడ్డుకు రెండు పక్కలా వేపచెట్లు గాలికి వంగి లేస్తున్నాయి. టీ బంకుల దగ్గర జనం నిలబడి ఈలలు వేస్తున్నారు. నేనెవరినీ చూడలేదు. ఆ పిల్ల వీపు ఒక్కటే చూస్తూ పదిహేను కిలోమీటర్లు తొక్కి, ఆమెను పట్టుకుని, తప్పుకున్నాను. బద్వేలు అమ్మాయి గెలిచింది. నేను వెనక నుంచి లెక్కపెడితే త్వరగా దొరికే స్థానంలో వచ్చాను.

గీత దాటి నీళ్ళు తాగుతుంటే చిన్నాయన ఫోన్. "పాపా, మీ నాయన్ను తోల్కొచ్చినా. మైదుకూరు కాడుండాము. నిన్ను చూసినాము."

తెల్లవారకముందే ఆటోలో బయలుదేరారట. జట్టు జీపు నన్ను మైదుకూరులో దింపింది. ఆటో వెనక సీట్లో ఒక ముసలాయన కాళ్ళు ముడుచుకుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, భుజాలు పైకెత్తి కూర్చుని ఉన్నాడు. నేను చిన్నాయన కోసం చుట్టూ చూశాను. ఆ ముసలాయన నన్ను పిలిచాక గుర్తుపట్టాను.

"ముందర... నువ్వే ఉండావు పాపా," అన్నాడు. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు.

"అవు. అందరికంటే ముందర మన పాపే," అన్నాడు చిన్నాయన. "ఫస్టేనా పాపా?"

నేను ఏం చెప్పాలా అని ఆగాను. నాయన చేయి ఎత్తి తమ్ముణ్ణి ఆపాడు. "దాన్ని... నీళ్ళు తాగనీరా ముందు."

నేను జవాబు చెప్పనవసరం లేకపోయింది. చిన్నాయన ఊరికి పోయి నేను మొదటి స్థానంలో వచ్చానని అందరికీ చెప్పాడు. ఎవరూ కాదనలేదు.

నేను శిబిరానికి తిరిగి వెళ్ళకుండా సెలవు పెట్టి నాయనను కర్నూలుకు తీసుకుపోయాను. ఊపిరితిత్తుల డాక్టరు ఎక్స్-రే చూసి, క్షయ కాదన్నాడు. ఒక యంత్రం ముందు కూర్చోబెట్టి గొట్టంలోకి ఊదమన్నాడు. అదే యంత్రం. నాయన పెదవులు బిగించి ఊదాడు. తెర మీద గీత కొంచెం లేచి పడిపోయింది. మళ్ళీ ఊదమన్నారు. మూడోసారి ఊదబోయి దగ్గు తెర కమ్మి, గొట్టం చేతిలోంచి జారిపోయింది. నేను వంగి తీశాను.

"నీ మాదిరి... రాలేదు పాపా," అన్నాడు, పరీక్ష తప్పిన పిల్లాడిలా.

డాక్టరు నన్ను ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. "రాతి పొడి లోపల పేరుకుని ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయమ్మా. ఇది వెనక్కి పోదు. ఆయాసానికి మందులిస్తాను. ఆక్సిజన్ పెట్టుకోవాలి. మిల్లులో ఎన్నేళ్ళు చేశాడు?"

"పదమూడేళ్ళు," అన్నాను.

ఆ లెక్క చెప్పడానికి నేను ఆలోచించాల్సిన పని లేకపోయింది. నేను పందేలు మొదలుపెట్టి పదమూడేళ్ళు.

ఆయనను ఊరికి తీసుకొచ్చాం. గది గోడ పక్కన ఆక్సిజన్ యంత్రం పెట్టాం. కరెంటు పోతే సిలిండర్. ఆయన పడుకోలేడు, దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్రపోవాలి. అమ్మ సంగటి పలచగా జారుగా చేసి చెంచాతో పెట్టేది. నమలడానికి కూడా ఊపిరి కావాలని నాకు అప్పుడే తెలిసింది.

రెండు నెలల తర్వాత ఎంపిక ఉత్తరం వచ్చింది. విదేశంలో జరిగే పోటీకి జట్టులో నేనూ ఉన్నాను. గాలి తినే మనిషి కూడా కావాలని ఎంపిక చేసినవాళ్ళకు మొదటిసారి తోచినట్టుంది. వారంలో శిబిరానికి రావాలి. నేను రాలేనని రాసి పంపేశాను. నాయనకు చెప్పకూడదనుకున్నాను. బద్వేలు అమ్మాయి ఫోన్ చేసి అమ్మ దగ్గర ఏడ్చింది. అమ్మ నాయనకు చెప్పింది.

ఆయన నన్ను పిలిచాడు. "పోతాండావా లేదా?"

"లేదు."

"ఎందుకు పోవు?"

"నిన్ను ఇట్ల పెట్టి యాడికి పోవాల?"

ఆయన కళ్ళలో నేనెప్పుడూ చూడని కోపం చూశాను. అరవడానికి ఊపిరి లేదు. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. నేను మందు ఇస్తే నోరు తెరిచేవాడు కాదు, అమ్మ ఇస్తే మింగేవాడు. "పోయిరా పో, పోయిరాగూడదా," అని అమ్మ వంటింట్లో నన్ను పట్టుకుని ఏడ్చింది. నేను మొండికేశాను. ఇద్దరం ఒకే మొండితనం. ఆయన బతికిన చివరి పదకొండు రోజుల్లో నాలుగు రోజులు అలా పోయాయి. పదకొండే మిగిలాయని ఎవరికీ తెలియదు. తెలిసి ఉంటే వెళ్ళి ఉండేదాన్నా, ఉండి ఉండేదాన్నా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఐదో రోజు పొద్దున ఆయనే పలకరించాడు. అమ్మ దొడ్లో ఉంది.

"ఆ పొద్దు మైదుకూరు కాడ... నువ్వు గెల్చలేదని... నాకు తెలుసు."

"ఎవురు చెప్పినారు?"

"ఎవురు చెప్పాల? ఏడేండ్లు... నీ ముందర బండి తోలినా." కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "ముందర పొయ్యేటోడు... గాలి తినేదానికే పోతాడు. నీ వెనకాల ఆ పిల్ల... తల వంచుకోని సుఖంగా వస్తా ఉన్నింది. అప్పుడే అనుకుంటి. గెల్చేది ఆ పిల్ల అని."

ఆయన వీపు వెనక దిండు సర్దాను. అడగకూడనిది అడిగాను. "నాయనా, మిల్లుకు నా కోసమే గదా పోయినావు?"

"గనిలో ఉంటే... బతికేటోణ్ణా? మా నాయన... గనిలోనే గదా పోయినాడు, బండ మీద పడి." కళ్ళు మూసుకున్నాడు. "రాయి పని చేసేటోణ్ణి... రాయి తీస్కపోతాది. నువ్వు మధ్యలో రావద్దు."

అది నన్ను ఓదార్చడానికి అన్నాడా, నిజంగానే అలా అనుకున్నాడా తెలియదు. నాకు ఓదార్పు కలగలేదు. ఆయన చేయి పట్టుకుని కూర్చున్నాను. అరచేతిలో సమ్మెట పట్టిన కాయలు అన్నేళ్ళ తర్వాత కూడా గట్టిగానే ఉన్నాయి.

ఆయన పోయింది పొద్దున తొమ్మిది గంటలప్పుడు. వీధి కొళాయికి నీళ్ళొచ్చే సమయం. అమ్మ బిందెలు పట్టుకుని వెళ్ళింది. నేను పక్కన కూర్చుని ఉన్నాను. ఆయన ఊపిరితో పాటు నా ఊపిరి తీసుకోవడం నాకు అలవాటైపోయింది. ఎందుకో ఆయనకు సాయం చేస్తున్నట్టు ఉండేది. ఆయన ఒకసారి పీల్చి వదిలాడు. నేనూ వదిలాను. తర్వాతి దాని కోసం ఎదురుచూస్తూ నేను ఆగాను. చాలాసేపు ఆగగలను నేను. చివరికి నేనే తీసుకోవలసి వచ్చింది.

బద్వేలు అమ్మాయి జట్టుతో పాటు విదేశం వెళ్ళి ఉంది. పోటీలో పడిపోయి మోకాలు చిట్లి, పతకం లేకుండా తిరిగి వచ్చింది. విమానాశ్రయం నుంచి నేరుగా కట్టుతోనే మా ఊరొచ్చింది. పదకొండో రోజు కర్మ జరుగుతోంది. ఇంటి ముందు కుంటుతూ దిగి, అమ్మను పట్టుకుని, "నాకు ముందర ఎవురూ లేకపోయిరమ్మా," అంది. అమ్మకు ఆ మాట అర్థం కాలేదు. నాయన కోసం ఏడుస్తోందనుకుని వీపు నిమిరింది.

తర్వాత నేను ఇంకా మూడేళ్ళు తొక్కాను. ఎందుకు తొక్కావని అడిగితే ఉద్యోగం అదే కదా అంటాను. సాధన చేస్తున్నప్పుడు ఎత్తు ఎక్కుతుంటే నా ఊపిరి చప్పుడు నాకే వినబడేది. లోతుగా, నిండుగా, ఎక్కడా అడ్డు లేకుండా వచ్చిపోయే ఆ గాలిని వింటే నాకు సిగ్గుగా ఉండేది. దొంగిలించిన వస్తువును అందరి ముందూ వాడుకుంటున్నట్టు ఉండేది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

ఆఖరి జాతీయ పోటీ ముందు రోజు సాయంత్రం బద్వేలు అమ్మాయి నా గదికి వచ్చింది. "అక్కా, రేపు నేను ముందర పోతా. నువ్వు నా వెనకాల రా," అంది. వద్దన్నాను. కోచ్ కూడా ఒప్పుకోడన్నాను. "కోచ్‌తో మాట్లాడినా," అంది.

పది సంవత్సరాలు నేను ఆమెకు చేసినదంతా ఆమె ఆ ఒక్క రోజు నాకు చేసింది. చివరి మూడు కిలోమీటర్లలో నా ముందు గాలిలో తల వంచి తొక్కుతూ ఆమె వీపు ఎగసి పడుతోంది. తర్వాత పక్కకు తప్పుకుని, "పో అక్కా, పో," అని అరిచింది. నా కాళ్ళలో బలం ఉంది. పోయాను. మూడో స్థానంలో వచ్చాను. నా మొత్తం జీవితంలో నా ఒక్కదాని పేరు మీద వచ్చిన జాతీయ పతకం అదే. గీత దాటాక సైకిల్ మీద వంగిపోయి ఏడ్చాను. ఫోటో తీసినవాళ్ళు సంతోషం అని రాశారు.

ఇంటికి తెచ్చి అమ్మ చేతిలో పెట్టాను. ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది. "మీ నాయన ఉన్నింటే ఊరంతా చూపిచ్చి వచ్చేటోడే," అంది. చీర చెంగుతో తుడిచి, దేవుడి పటాల వెనక పెట్టి, బియ్యం ఏరడానికి కూర్చుంది. మరుసటి నెల పోటీల నుంచి తప్పుకుంటున్నట్టు రాసి ఇచ్చాను.

ఇప్పుడు గుంతకల్లులో రోజంతా ఆఫీసులోనే ఉంటాను. అమ్మ నా దగ్గరే ఉంటుంది. నాయన పోయాక మిల్లుకు వెళ్ళి, ముక్కుకు కట్టుకునే మంచి ముసుగులు పనివాళ్ళకు ఇచ్చి వచ్చాను. కొందరు తీసుకున్నారు. మళ్ళీ వెళ్ళి చూస్తే చాలావరకు గోడకు మేకుల మీద వేలాడుతున్నాయి. అవి పెట్టుకుంటే ఊపిరాడడం లేదన్నారు. వేసవిలో ఆ రేకుల షెడ్డులో రెండు నిమిషాలు నేనూ పెట్టుకుని నిలబడ్డాను. వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు.

మా చిన్నాయన ఆటో పాతదైపోయి అమ్మేసి అదే మిల్లులో చేరాడని నాకు ఆలస్యంగా తెలిసింది. పోట్లాడాను. "మీ నాయనది దేహం బాగలేదు పాపా. అందరికీ అట్ల అయితాదా?" అన్నాడు. పోయిన రోహిణి కార్తెలో ఊరెళ్ళినప్పుడు ఆయన అరుగు మీద కూర్చుని బనగానపల్లె మామిడిపండు నా కోసం కోస్తూ, మధ్యలో కత్తి కింద పెట్టి దగ్గాడు. ఆగి, మళ్ళీ దగ్గాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"జలుబు చేసింది లే."

"ఈ ఎండల్లో జలుబేంది చిన్నాయనా? సోమవారం కర్నూలుకు రా. డాక్టరు కాడికి పోదాం. నేను బస్టాండులో ఉంటా."

"వస్తా లే," అన్నాడు, ముక్క నా చేతిలో పెట్టి.

సోమవారం పొద్దున కర్నూలు బస్టాండులో పదకొండు దాకా కూర్చున్నాను. బనగానపల్లె నుంచి మూడు బస్సులు వచ్చాయి. దిగినవాళ్ళలో ఆయన లేడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. డాక్టరు దగ్గర ముందే తీసుకున్న చీటీ సంచిలో పెట్టుకుని, తిరిగి పోతున్న బస్సులో నేనే ఎక్కి ఊరికి బయలుదేరాను.